చప్పట్ల కింద నాలుగో పాదం

మైకు మెడ వంచుకోవడం కూడా వచ్చేసింది ఈవిడకి, ఎక్కడ నేర్చుకుందో ఏమో, రెండు వేళ్లతో అలా కిందికి వంచి, టకటకా కొట్టి చూడకుండా, హలో హలో అనకుండా నేరుగా మొదలుపెట్టేసింది, జోగేశ్వరరావు ఇన్నేళ్లుగా సభల్లో పాడుతున్నా మైకు ముందుకి రాగానే ఒకసారి దగ్గకుండా ఉండలేడు, ఆ దగ్గు కూడా జనానికి ఇష్టమే, అదిగో మాస్టారు అందుకోబోతున్నారు అని సర్దుకుని కూర్చుంటారు, ఇప్పుడు మాత్రం ఆయన వేదిక మీద మధ్య కుర్చీలో ఉన్నాడు, ముందు అధ్యక్షులు అని రాసిన అట్టముక్క, పక్కన మూత తీయని నీళ్లసీసా, ఎడమవైపు తన సొంత భార్య నాగరత్నం నిలబడి, గౌరవనీయులైన అధ్యక్షులవారికి నమస్కారం అంటోంది, అధ్యక్షులవారట, పొద్దున్న ధవళేశ్వరంలో ఇంటి దగ్గర, ఏవండీ బనీను తిరగేసి వేసుకున్నారు, అని చెప్పిన నోటితోనే, హాల్లో జనం ముచ్చటపడి నవ్వారు, తనూ నవ్వాలి కాబట్టి నవ్వాడు, ఆ నవ్వు కాస్త ఎక్కువసేపే పట్టి ఉంచాడు కూడా, తనవైపు ఎవరూ చూడటం లేదని తెలిశాక వదిలేశాడు.

అసలు ఈ కుర్చీ తనది కాదు, రావలసిన పెద్దాయన బయల్దేరనేలేదని పొద్దున్న ఫోనొచ్చింది, కాలేజీలో తెలుగు శాఖ చూసే చంద్రరావు ఎదురు పరుగెత్తుకొచ్చి, మాస్టారూ మీరే కూర్చోవాలండి, పాతకాలం యుద్ధకవిత్వం అంటే మన రాజమండ్రిలో మీకంటే ఎవరున్నారండి, పైగా అమ్మగారి పేపరు కూడా ఈ సెషన్‌లోనే ఉందండి, ఇద్దరూ ఒకే స్టేజీ మీద చాలా బాగుంటుందండి, అని చేతులు పట్టుకున్నాడు, ఆ చేతులు వదలకుండానే ఇంకో మాట చెప్పాడు, ఈ సెషన్‌లో చదివిన మూడింట్లో ఒక పేపరు వచ్చే నెల యూనివర్సిటీ సదస్సుకి పంపాలండి, ఏది అన్నది అధ్యక్షుల ఇష్టమేనండి, చివర్లో మైకులో ఒక్కమాట చెప్పేస్తే చాలండి, అని, యూనివర్సిటీ సదస్సు, అక్కడికి తనని కూడా పిలిచారు ఒకసారి, ప్రార్థన పద్యానికి, ప్రార్థన అవగానే కింద కుర్చీలు చూపించారు, పెద్దపెద్దవాళ్లు ఏవేవో చదువుతుంటే సాయంత్రం దాకా వింటూ కూర్చుని, రైల్లో తిరిగొచ్చి, మహా గొప్పగా జరిగిందే రత్నం, అని చెప్పాడు, ఆ వేదిక మెట్లే ఇప్పుడు ఈవిడ ఎక్కబోతోంది, ఎక్కాలా వద్దా అన్నది మాత్రం తన నోట్లో ఉంది, ఆ సంగతి తల్చుకుంటే లోపల కాస్త చల్లగా ఉంది.

ముందు చదివిన ఇద్దరూ పాపం మంచివాళ్లు, ఒకాయన కావ్యాల్లోని ఆయుధాల పేర్లన్నీ ఏకరువు పెట్టాడు, రెండో ఆయన ఏనుగుల అలంకారాలు చెప్తూ మధ్యలో దారి తప్పి గుర్రాల్లోకి వెళ్లిపోయాడు, వాళ్ల మీద ఈర్ష్య పడటానికి ఏముంది, ఈవిడ ఎత్తుకున్నది అది కాదు, యుద్ధవర్ణనలో హింసా సౌందర్యమూ, ఒక పద్యంలోని దృశ్యాల పరిశీలన, అని పైకి చదివింది, ఏ పద్యమో అని తను మెడ చాచేలోపే మండపేట రైసుమిల్లు అప్పాజీగారు మొదటి వరసలోంచి, చేతిలో ఉన్న కార్యక్రమం కాగితం చూసి, మన మాస్టారి పద్యమేనండి, అని పక్కవాళ్లకి వినపడేలా చెప్పేశారు, తన పద్యం, తన ఇంట్లోంచి, తనకి మాటమాత్రం చెప్పకుండా, బీరువాలోంచి గొలుసు తీసి మెళ్లో వేసుకుని పేరంటానికి వెళ్లినట్టు.

తన పద్యం కాక మరెవరిది, రాసిన కవి పేరు ఎవరికీ తెలియదు, కావ్యం అట్ట ఊడిన పుస్తకంగా ఏవో రెండు లైబ్రరీల్లో మిగిలింది, ఆ ఒక్క పద్యం మాత్రం జోగేశ్వరరావు పద్యం, ఇటు రాజమండ్రి నుంచి అటు నరసాపురం దాకా ఎవర్నడిగినా చెప్తారు, ఏనుగు కడుపు నిండా గుచ్చుకున్న బాణాలు వాన పడ్డ కొండకి మొలిచిన పచ్చికలా ఉన్నాయని మొదటి పాదం, దూకుతున్న గుర్రాల పొట్టల మీంచి నెత్తురు మోదుగురేకుల్లా రాలుతోందని రెండోది, నెత్తురు చిందిన రాజుగారి తెల్లగొడుగులోంచి ఎండ దిగి ఎర్రతామర విచ్చుకున్నట్టుందని మూడోది, ఆ తామర దగ్గరికి వచ్చేసరికి తను రాగం అందుకుంటాడు, పైకి పైకి తీసుకుపోయి, ఈయనకి ఊపిరి ఆడుతోందా లేదా అని జనం కంగారుపడేదాకా అక్కడే నిలబెట్టి, మెల్లిగా దించుతుండగా అప్పాజీగారు రెండు చేతులూ తలకంటే పైకెత్తి కొట్టడం మొదలుపెడతారు, దానితో హాలంతా అందుకుంటుంది, వెనకనుంచి వన్స్‌మోర్ అని కేకలు, మళ్లీ మూడో పాదమే పాడాలి, ఎన్ని వన్స్‌మోర్లు పడినా మూడో పాదానికే, అలాగని నాలుగో పాదం తను ఎగ్గొట్టిన రోజంటూ లేదు, గబగబా చప్పట్ల కిందే అనేసి నమస్కారం పెట్టేస్తాడు, హారతి అయిపోయాక పూజారి చదివే మంత్రం ఎవరు వింటారు, చెప్పులు వెతుక్కునే వేళ అది, నాటకాల పద్యాలు వింటూ పెరిగిన జిల్లాలివి, ఇక్కడ పద్యమంటే రాగం, రాగమంటే చప్పట్లు, అందులో తప్పేముంది, చప్పట్లు కొట్టనిది ఒక్క నాగరత్నమే, పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టాడు, హాల్లో అందరి చేతులూ గాల్లో ఉంటే ఈవిడ చేతులు ఒళ్లో ఉంటాయి, ఇంటికొచ్చాక ఒకసారి అడిగాడు కూడా, ఏం, బాగా లేదా, అంటే, అయ్యో చాలా బాగుందండి, అంది, బాగుంటే మరి చేతులకేమొచ్చింది, అని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది, అడగలేదు గానీ మర్చిపోలేదు, ఇవాళ్టి దాకా మర్చిపోలేదు.

ఇప్పుడు ఆ పద్యాన్ని ఆవిడ చదువుతోంది, పాడటం లేదు, ఉత్తినే చదువుతోంది, రాగం లేదు, విరుపు లేదు, పాలవాడికి లెక్క చెప్పినట్టు చదివేస్తోంది, తామర దగ్గర కూడా ఆగలేదు, నాలుగు పాదాలూ ఒకే నడకతో చదివేసి తలెత్తింది, జోగేశ్వరరావుకి తన పద్యానికి గుండు గీసి నడివీధిలో నిలబెట్టినట్టయింది, అప్పాజీగారి మొహం చూశాడు, ఆయనకీ నచ్చలేదు, శభాష్ అనుకున్నాడు, కానీ ఆవిడ ఆ మొహాలేవీ పట్టించుకోకుండా ఒక ప్రశ్న వేసింది, ఇదంతా ఎవరు చూస్తున్నారండి, అని, ఏనుగు కడుపు కనిపించాలంటే మనిషి ఎక్కడుండాలండి, కొండ మీద నుంచి చూస్తే ఏనుగు వీపు కనిపిస్తుంది గానీ కడుపు కనిపించదు కదండి, గుర్రం మన మీంచి దూకితేనే దాని పొట్ట కనిపిస్తుంది, గొడుగులోంచి ఎండ దిగడం కనిపించాలంటే గొడుగు కిందే ఉండాలి, అంటే ఈ కన్ను నేల మీద ఉంది, వెల్లకిలా ఉంది, ఆ సంగతి కవి నాలుగో పాదంలో విప్పి చెప్పాడు, అని, నేలకొరిగిన రౌతొకడు లేవలేక వీటిని చూస్తున్నాడు, అన్న పాదాన్ని మళ్లీ ఒకసారి చదివింది.

నాలుగో పాదం, దాన్ని పట్టుకుంది ఈవిడ, తను కుంపట్లో బొగ్గులు విసిరినట్టు విసిరేసే పాదాన్ని, దాని అర్థం తనకి తెలియక కాదు, తెలుసు, ఎవడో పడిపోయాడు, చూస్తున్నాడు, యుద్ధమన్నాక పడతారు, అంతే అనుకున్నాడు, పైన మూడు పాదాల్లో ఇంత అందం పెట్టుకుని కింద పడ్డవాడి గొడవ ఎవరిక్కావాలి అనుకున్నాడు, అసలు ఈవిడకి గురువేదో లఘువేదో నేర్పింది ఎవరు, తను కాదూ, ఇడ్లీపిండి రుబ్బుతుంటే పక్కన పీట వేసుకుని వేళ్ల మీద లెక్కపెట్టి నేర్పాడు, ప్రైవేటుగా ఎమ్మే కట్టించింది తను, మండపేట జూనియర్ కాలేజీలో ఉద్యోగమొచ్చాక రోజూ బస్సు దాకా స్కూటరు మీద దింపింది తను, మా ఆవిడ కూడా ఏదో పాఠాలు చెప్తుందండి, అని నలుగురిలో నవ్వుతూ చెప్పుకున్నదీ తనే, ఆ ఏదో ఇదన్నమాట, ఈ పేపరులో తను చెప్పిన మాట ఒక్కటి ఉంటే బాగుండును, మా వారు చెప్పినట్టు అని ఎక్కడైనా అంటుందేమో అని చెవులు రిక్కించాడు, అనలేదు, అనడానికి అందులో తనది ఏదీ లేదు కూడా.

మనం పరీక్షల్లో ఎలా అడుగుతామండి, అంటోంది ఆవిడ, వర్ణనలోని సౌందర్యాన్ని వివరించండి అని ఒక ప్రశ్న, యుద్ధంలోని బీభత్సాన్ని వివరించండి అని ఇంకో ప్రశ్న, పిల్లలు రెండూ విడివిడిగా రాస్తారు, మనం విడివిడిగా మార్కులేస్తాం, కానీ ఈ పద్యంలో నెత్తురికి కవి వేసిన నగ కాదండి ఆ తామర, లేవలేనివాడికి చిట్టచివర కనిపించింది అది, వాడికి ఆ క్షణంలో అది నిజంగానే బాగుంది, అందుకే చదివిన మనకి భయం వేయాలి, అని ఆగింది, మొన్న వేసవిలో కార్గిల్ వార్తలొస్తున్నప్పుడు ఇదే మాట ఇంట్లో అంది, టీవీలో చీకటి కొండల మీద నిప్పులు పూలజల్లులా రాలుతుంటే, దీపావళిలా ఎంత బాగుందో చూడవే, అన్నాడు తను, ఆవిడ పక్కన కూరగాయల పళ్లెం పెట్టుకుని, మనకి ఇక్కణ్ణుంచి బాగుందండి, అక్కడ కింద ఉన్నవాడికి ఎలా కనిపిస్తోందో, అంది, వార్తలు విననీ, అన్నాడు తను, ఆ వంకాయ ముక్కల మధ్య పుట్టిన పేపరు ఇది, తను పక్కనే కూర్చుని ఉండగా పుట్టింది.

ఒక ఆడమనిషి పెరట్లో పంపు దగ్గర పాచి మీద కాలు జారి పడింది అనుకోండి, అంది నాగరత్నం, జోగేశ్వరరావు కుర్చీలో ముందుకి జరిగాడు, ఇదెందుకు ఇప్పుడు, ఇది ఎత్తకే, అనుకున్నాడు, మడమ విరిగింది, అంటోంది ఆవిడ, పిలిస్తే పలికేవాళ్లు లేరు, కదిలితే ప్రాణం పోతోంది, సరిగ్గా నెత్తిమీద కొబ్బరాకుల మధ్యనుంచి వెలుగు దిగుతోంది, అది అంతకుముందు ఎన్నడూ అంత అందంగా లేదు, నొప్పి తగ్గి అందం కనిపించలేదండి, ఆ నొప్పిలోంచే కనిపించింది, అంది, ఆవిడ అలా పడ్డ సాయంత్రం తను అమలాపురంలో ఉన్నాడు, శాలువా కప్పించుకుంటున్నాడు, ఈ పద్యమే పాడాడు, వన్స్‌మోర్లు పడ్డాయి, ఇంటికొచ్చేసరికి పక్కింటివాళ్లు ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించి తెచ్చారు, మంచం మీద పడుకుని, పడి ఉన్నంతసేపూ ఆకాశం ఎంత బాగుందోనండీ, అంటే తను పగలబడి నవ్వాడు, మర్నాడు తను పాఠాలు చెప్పే కాలేజీ స్టాఫ్‌రూములో అందరికీ చెప్పి నవ్వించాడు, మా ఆవిడకి కాలు విరిగితే కవిత్వం వచ్చిందండోయ్ అని, ఇప్పుడు మొగుడు ఎక్కడున్నాడో కూడా చెప్తుందా, అప్పాజీగారు ఆ అమలాపురం సభలో ఉన్నారు, ఆయనకి గుర్తొస్తే చాలు, కానీ ఆవిడ చెప్పలేదు, ఆడమనిషి ఎవరో చెప్పలేదు, మొగుడి ఊసే ఎత్తలేదు, కాగితం తిప్పి, సెలవు, అంది, తను బతికిపోయాడు, అలా బతికించినందుకు ఆవిడ మీద ఇంకా మండింది.

చప్పట్లు లేవు, ఒక్క క్షణం ఎంత హాయిగా అనిపించిందో, చప్పట్లు రాలేదు, చూశావా రత్నం, రాగం లేకపోతే ఇంతే, కానీ ఆ నిశ్శబ్దం పోవడం లేదు, ఎవరూ దగ్గడం లేదు, కుర్చీలు కిర్రుమనడం లేదు, అప్పాజీగారు కళ్లజోడు తీసి పంచె కొసతో తుడుచుకుంటూ తుడుచుకుంటూ మర్చిపోయినట్టు అలాగే పట్టుకున్నారు, ఫ్యాను గాలికి అట్టముక్క పడిపోతే ఆ చప్పుడు హాలంతా వినపడింది, ఆ తర్వాత ఎక్కడో ఒకరు మొదలుపెడితే చప్పట్లు వచ్చాయి గానీ అవి ఎవరికి కావాలి, అంతకుముందు వచ్చింది ఉంది చూశారూ, ఆ నిశ్శబ్దం, అది తనకి ఎన్నడూ రాలేదు, ఇన్ని ఊళ్లు తిరిగాడు, ఇన్ని శాలువాలు బీరువాలో కలరా ఉండల మధ్య మూలుగుతున్నాయి, అది మాత్రం రాలేదు, మొదటి పేపరుకే వచ్చింది ఈవిడకి.

ఒక్క మాట చాలు, ఆ మాట నోట్లో అప్పటికే తయారైంది, నాలుగో పాదం అసలు కవిది కాదండి, తర్వాత ఎవరో అతికించారని పెద్దల అభిప్రాయం, పాపం అమ్మాయి ఆ సంగతి చూసుకోలేదు, అమ్మాయి అనకూడదు, వ్యాసకర్త్రి అనాలి, ఏ పెద్దలు అని అడిగేవాడు ఈ హాల్లో లేడు, అంతా తలలూపుతారు, పాదమే లేకపోతే రౌతూ లేడు, కన్నూ లేదు, పేపరూ లేదు, అలాంటి పెద్దలెవరూ లేరని తనకి తెలుసు, అయినా చెప్పొచ్చు, లేదంటే అంత మోటుగా వద్దు, స్వయానా నా భార్య కదండి, నేను ఆ పేరు చెప్తే న్యాయం కాదు, ఆయుధాల పేపరు పంపుదాం, అంటే సరిపోతుంది, అలా అంటే అప్పాజీగారు సైతం, మాస్టారంటే మాస్టారేనండి, సొంత మనిషైనా సరే, అని మెచ్చుకుంటారు, ఆవిడ గొంతు నొక్కినందుకు తనకి ఇంకో శాలువా కప్పుతారు, రెండూ బాగున్నాయి, ఏది అనాలా అని తూచుకుంటూ లేచాడు, చంద్రరావు చెవి దగ్గరికొచ్చి, మాస్టారూ ముందు ఆ పద్యం మీ గొంతులో ఒకసారి వినిపించండి, అప్పాజీగారు అడుగుతున్నారండి, ఆ తర్వాత పేపరు సంగతి చెప్పేద్దురుగాని, అన్నాడు.

మైకు మెడ మళ్లీ పైకి లాగి, దగ్గాడు, జనం సర్దుకున్నారు, ఆ సర్దుకోవడం చూడగానే ప్రాణం లేచొచ్చింది, మొదటి పాదం అందుకున్నాడు, పచ్చిక మొలిచింది, రెండో పాదం, మోదుగురేకులు రాలాయి, చూపిస్తాను రత్నం, పద్యమంటే ఏమిటో చూపిస్తాను, మూడో పాదం, తామర దగ్గర రాగం ఎత్తుకుని పైకి, ఇంకా పైకి, ఇంత బాగా ఈమధ్య ఎన్నడూ పలకలేదు, కసి ఉంటే గొంతు ఇంతలా లేస్తుందా, నిలబెట్టాడు, దించుతున్నాడు, అప్పాజీగారి చేతులు పైకి లేచాయి, హాలంతా లేచింది, వన్స్‌మోర్, ఆ చేతుల అడవిలో ఎప్పటిలాగే తన కళ్లు ఆవిడ చేతుల కోసం వెతికాయి, మొదటి వరస చివరి కుర్చీలో కూర్చుంది, చేతులు ఒళ్లో ఉన్నాయి, కొట్టడం లేదు, ఇవాళ కూడా కొట్టడం లేదు, తల కాస్త పక్కకి వంచి ఒక చెవి ఇటు పెట్టి, తన నోటివైపే చూస్తోంది, ఈ తల వంపు తనకి తెలుసు, ఎక్కడ చూశాడు, రోజూ చూస్తాడు, పొద్దున్నే పెరట్లో నిలబడి సాధన చేస్తుంటే వంటింటి గడపలో గరిటె పట్టుకుని ఇలాగే నిలబడుతుంది, పోపు మాడిపోతున్నా కదలదు, టిఫిన్‌కి పిలవడానికి నిలబడుతోంది అనుకున్నాడు ఇన్నాళ్లూ, కానీ పద్యం సాంతం అయ్యాకే లోపలికి తిరుగుతుంది, పెరట్లో చప్పట్లు ఉండవు, పెరట్లో నాలుగో పాదం వినపడుతుంది, ఆవిడ దానికోసం నిలబడుతుంది, సభల్లో కూడా దానికోసమే కూర్చుంది, ఈ మోతలో ఎక్కడైనా చెవిన పడుతుందేమో అని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఇన్నేళ్లూ.

జోగేశ్వరరావు చెయ్యి ఎత్తాడు, చప్పట్లు ఆపమని తను చెయ్యి ఎత్తడం ఎవరూ చూసి ఎరగరు, అప్పాజీగారి అరచేతులు దగ్గరదాకా వచ్చి ఆగిపోయాయి, వెనక వన్స్‌మోర్ సగంలో తెగింది, నాలుగో పాదం చెప్పాడు, రాగం తీయబోతే రాలేదు, అందుకని ఉత్తినే చెప్పాడు, నేలకొరిగినవాడు లేవలేక చూస్తున్నాడని, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, ఎవరూ చప్పట్లు కొట్టలేదు, నాగరత్నం తల నిటారుగా పెట్టి, పమిట సర్దుకుని, ఒళ్లో కాగితాలు సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది, పద్యం అయిపోగానే పొయ్యివైపు తిరిగినట్టే తిరిగింది, చంద్రరావు పక్కనుంచి, మాస్టారూ పేపరు, అని గుర్తుచేశాడు, నోట్లో పెద్దల మాట ఇంకా తియ్యగానే ఉంది, మింగేశాడు, నాగరత్నంగారి పేపరే వెళ్లాలండి, అన్నాడు, ఇంట్లో ఎన్నడూ అనని ఆ గారు అనడానికి దగ్గు రాలేదు, వచ్చి కుర్చీలో కూలబడి నీళ్లసీసా మూత తీస్తుంటే ఈర్ష్య ఇంకా పోలేదని తెలుస్తూనే ఉంది, దానితోపాటే ఇంకోటీ తెలిసింది, ఊరూరా తిరిగి ఇంతమందికి పాడిన పద్యాన్ని చివరిదాకా విన్నది ఒకే ఒక్క మనిషి అని, పొద్దున్నుంచి తను ఏడుస్తున్నది ఆ ఒక్క మనిషి మీదేనని.